ఎవరూ రాయని టెస్ట్

సరితా,

కిడ్నీ మార్చాక, అది నిలవడానికి వేసుకున్న మందులు రోగాన్ని తట్టుకునే శక్తిని తగ్గించాయి. అదను చూసి వైరస్ నీ మెదడుకెక్కింది. నువ్వు పెన్నును దువ్వెన అంటుంటే మన అశోక్‌నగర్ హాస్టల్లో అందరూ పరీక్షల టెన్షన్ అన్నారు. డాక్టరూ అదే అన్నాడు. నెల తిరక్కుండానే పోయావు. అది వైరస్ అని ఆ తర్వాతే తెలిసింది.

పోయిన వారం, మన హాస్టల్లోనే ఉండే, నీలాగే కిడ్నీ మార్చుకున్న రజితక్క మాటలూ తడబడ్డాయి. నారాయణగూడలో చూసిన డాక్టర్‌దీ అదే పాట.

"టెన్షన్ అమ్మా. జర నిద్రపోతే తగ్గుతది."

"తగ్గది సార్. వెన్నులోంచి నీళ్లు తీసి చూసే టెస్ట్ రాయండి. రాసేదాక ఇక్కడ్నుంచి లేవ."

విసుక్కుంటూ రాశాడు. వైరస్ దొరికింది, వెంటనే మందు పడింది. ఇవాళ రజితక్క నన్ను పేరు పెట్టి పిలిచింది. "బతికించినవు బిడ్డా," అని వాళ్లమ్మ నా చేతులు పట్టుకుంది. సంతోషించాల్సింది పోయి నాకు ఒళ్లు మండింది.

ఆ టెస్ట్ నువ్వున్నప్పుడూ ఉంది, సరితా.