గవర్న్ మాటకు మూడు చీటీలు

ఇస్తాంబుల్,
7 మార్చి 1976, ఆదివారం.

ప్రియమైన ముజెయ్యెన్ అక్కకు,

ముప్ఫై ఒక్క ఏళ్లు ఒకే బల్ల దగ్గర కూర్చుని మా ఇంగ్లీషు-తుర్కీ నిఘంటువును నిలబెట్టిన వస్ఫీ మాస్టారిని మొన్న శుక్రవారం మా యజమాని ముఅమ్మెర్ బే పనిలోంచి తీసేశాడు. విచారణ లేదు, కూర్చోమన్న మాట లేదు. టీ చల్లారేలోపు అయిపోయింది. అంతటితో ఆగలేదు. ఇప్పటిదాకా వచ్చిన భాగాలను కలిపి కట్టే సంపుటానికి వచ్చే శనివారం ముఖపత్రం అచ్చుకెక్కుతుంది, దాని మీద నుంచి మాస్టారి పేరు కూడా తీసేయమన్నాడు. ఇది అన్యాయం, చేసింది ముఅమ్మెర్ బే. ఈ మాట ఎక్కడ అడిగినా అంటాను.

క్షేమం రాయకుండా ఇలా మొదలుపెట్టానని కోప్పడకు. నీ చేతులూ అమ్మ చేతులూ ముద్దు పెట్టుకుని నుదుటికి ఆనించుకుంటున్నాను. నా ఒంటికి ఏమీ కాలేదు. మీ అందరి ఒళ్లూ అలాగే ఉండాలి. అమ్మ మోకాళ్లకు ఎస్కిషెహిర్ చలి పడడం లేదని రాశావు, ఉన్ని పట్టీలు వదలొద్దని చెప్పు. నువ్వు పంపిన తర్హానా పిండి ఇంకా సగం ఉంది. నేనుండే ఇంటి యజమానురాలు చారు కాచినప్పుడల్లా "మీ అక్క చేతిలో మహత్తు ఉందయ్యా, నీ నాలుకకే రుచి తెలీదు" అంటుంది. కొత్త కోటు సంగతి మళ్లీ అడిగావు. పాతదానికే గుండీలు కుట్టించుకున్నాను, చాలు. కరపత్రాలు చదవడం తగ్గించమన్నావు. అది మాత్రం నా వల్ల కాదు. మాస్టారి దగ్గు ఎలా ఉందన్నావు, దాని గురించి చివర్లో రాస్తాను.

ఇంకొకటి అడిగావు. ఆ ప్రశ్న చదివిన దగ్గర్నుంచి నాకు కుదురు లేదు. "మీ కొత్త భాగం కొన్నాను. గవర్న్ అన్న ఇంగ్లీషు మాటకు ఒక్క అర్థమే వేశారేమిటి? మేం సాయంత్రం తరగతుల్లో చదువుకునేటప్పుడు మాస్టారు మూడు చెప్పేవారే. మిగతా రెండూ ఏమయ్యాయో అడిగి రాయి, బడిలో మా పిల్లలకు చెప్పాలి" అన్నావు. అక్కా, మాస్టారి ఉద్యోగం పోయింది సరిగ్గా అక్కడే.

మా దగ్గర పని ఎలా జరుగుతుందో నీకు తెలుసు, నన్ను చేయి పట్టుకుని ఆ గదిలోకి తీసుకెళ్లిందే నువ్వు. ప్రతి అర్థానికీ ఒక చీటీ. మాస్టారు ఊదారంగు పెన్సిల్‌తో రాసి, ఒక్కొక్కటీ పైకి చదివి, యాభై అయ్యాక దారంతో కట్టి, ముడి మీద కాగితం అతికించి పొడి సంతకం పెడతారు. సంతకం పడ్డాక ఆ ముడిని ఎవరూ విప్పకూడదు. కింద అచ్చు గదిలో అక్షరాలు పేర్చే జుహ్తూ మేస్త్రీ ఒక్కడే దారం కోసి విప్పాలి. ముప్ఫై ఒక్క ఏళ్లుగా అదే రివాజు.

గవర్న్‌కు మాస్టారు రాసినవి మూడు చీటీలు. మొదటిది యోనెత్‌మెక్: ముందు నడిచి దారి చూపడం, సంస్థనో దేశాన్నో నడపడం. ఇది మన సొంత వేళ్ల నుంచి చేసుకున్న కొత్త మాట. రెండోది హుక్‌మెత్‌మెక్: పైన కూర్చుని శాసించడం, తన మాట చెల్లించుకోవడం. మూడోది ఇదారె ఎత్‌మెక్: జిల్లా అధికారి జిల్లాను నెట్టుకొచ్చేదీ అదే, అమ్మ ఉన్న పిండితో వారం నెట్టుకొచ్చేదీ అదే. ఈ రెండూ పాత మాటలు, అరబ్బీ నుంచి వచ్చినవి. నువ్వు వాడే మాటను బట్టి నువ్వు ఎటువైపు మనిషివో కాఫీ దుకాణంలో తేల్చేసే రోజులివి. పిల్లలకు మూడూ చెప్పు, అక్కా. మూడూ చెప్పు.

అచ్చయిన భాగంలో మొదటిది ఒక్కటే ఉంది. బడులకు పుస్తకాలు ఎంపిక చేసే సంఘం వాళ్లు దాన్ని తిప్పి పంపారు. పాత మాటల మీద కక్ష కట్టిన ప్రచురణ మాకొద్దని ఉత్తరం కూడా జత చేశారు. ముఅమ్మెర్ బే ఆ ఉత్తరం ఊపుకుంటూ పైకొచ్చాడు.

"వస్ఫీ బే, హుక్‌మెత్‌మెక్ ఎక్కడండీ? ఇదారె ఎక్కడ? మా తాత మాటలు, మీ తాత మాటలు. ఎవరి మెప్పు కోసం కోసేశారు?"

మాస్టారు కళ్లద్దాలు పెట్టుకుని కింద నుంచి తెప్పించిన కట్ట అందుకున్నారు. కాగితం మీద తన సంతకం చూసుకున్నారు. తెగిన దారానికి మిగిలిన ముడిని వేళ్ల మధ్య తిప్పి చూశారు. తలెత్తి గదంతా చూశారు.

"కట్ట నాదే. సంతకం నాదే" అన్నారు.

"అంతేనా?"

"అంతే. ఆఖరి ప్రూఫు మీద మీ సంతకం కూడా ఉంది కదండీ, మీకు కనిపించలేదా?"

టైపు కొట్టే పెర్రాన్ గారికి నవ్వు ఆగలేదు. ఆ నవ్వే ముఅమ్మెర్ బేకు ఎక్కడో తగిలింది. చదవకుండా సంతకం పెట్టే అలవాటు ఆయనదని మా అందరికీ తెలుసు. "రేపటి నుంచి ఇంట్లో కూర్చుని మీ సంతకాలు మీరే చూసుకోండి" అని తలుపు ధడాలున వేసి పోయాడు. మాస్టారు పెన్సిలు చెక్కుకుని, జేబులో పెట్టుకుని, మా అందరికీ "పని తేలిగ్గా సాగాలి" అని చెప్పి మెట్లు దిగారు. ఆయన దగ్గు వీధి మలుపు దాకా వినపడింది.

నేను ఊరుకుంటానా? ఆ సాయంత్రమే కరపత్రం రాశాను. "ముఅమ్మెర్ బే చేసిన అన్యాయం" అని శీర్షిక. చదవని యజమాని చదివిన వాణ్ణి గెంటేశాడని, ముఖపత్రం ఎవడి అబ్బ సొత్తూ కాదని, నిప్పులు కురిపించాను. శనివారం పొద్దున పెర్రాన్ గారి చేతిలో పెట్టాను. ఆవిడ టీ తాగుతూ రెండుసార్లు చదివింది.

"గొంతు బాగుంది, అల్పాయ్. ఒక్క వాక్యం తక్కువైంది."

"ఏదండీ?"

"ఆ రెండు చీటీలూ ఎవరు తీశారు? మాస్టారు ఆ మాటలు పైకి చదువుతుంటే నా చెవులతో విన్నాను. కట్టలో ఉన్నవి పుస్తకంలో లేవంటే, మధ్యలో వాటికి కాళ్లొచ్చాయా?"

"నాకేం తెలుసు" అన్నాను.

"నీకు తెలియకపోతే ఈ కరపత్రం నేను టైపు కొట్టను" అని కాగితం మడిచి నా జేబులోనే పెట్టింది.

అక్కడి నుంచి ఎటు నడిచానో గుర్తు లేదు. వంతెన అటూ ఇటూ రెండుసార్లు దాటాను. కరపత్రం మూడుసార్లు తిరగరాశాను, మూడుసార్లూ ఆ వాక్యం దగ్గరకొచ్చి చింపేశాను. ఈ ఉత్తరం కూడా నిలబడి కొంత, పడవ రేవులో బల్ల మీద కొంత రాస్తున్నాను. ఇక దాచలేను.

తీసింది నేనే, అక్కా.

కట్టలు అచ్చు గదికి చేర్చేది నేనే. మూడు నెలల కింద ఆ కట్ట తీసుకుని దిగి, ముందు వీధిలోని టీ దుకాణంలో కూర్చుని ముడి విప్పాను. ఆ వారమే ఒక చిన్న పుస్తకం చదివాను, దర్బారు మాటలు ఊడ్చేయనిదే దర్బారు పోదని అందులో ఉంది. అది నా కళ్లు తెరిపించినట్టయింది. హుక్‌మెత్‌మెక్ నియంత మాట అనుకున్నాను, ఇదారె బానిస మాట అనుకున్నాను. రెంటినీ లాగేసి, కాగితం చిరగకుండా ముడి మళ్లీ వేసి, వంతెన మీద నుంచి చీటీలు నీళ్లలోకి వదిలాను. గొప్ప పని చేశానని నువ్వుల సిమిత్ రొట్టె కొనుక్కుని తిన్నాను కూడా.

అది ఒక ఎత్తు. జుహ్తూ మేస్త్రీ కట్ట విప్పి "ఏంటయ్యా, ఇంత పెద్ద మాటకు ఒక్క చీటీయేనా? పైకెళ్లి అడిగి రా" అన్నాడు. "అడిగాను, మాస్టారి నిర్ణయం అదే" అన్నాను. ఆయన పేరు అడ్డం పెట్టుకున్నాను, అక్కా. ముఖపత్రం మీద నుంచి ఆ పేరు తీసేసినందుకు ముఅమ్మెర్ బేను తిడుతున్న నేను, దాన్ని ముందే వాడేసుకున్నాను.

శుక్రవారం మాస్టారు గదంతా చూశారని పైన రాశాను. అబద్ధం. నన్నే చూశారు. ఆయన కుడి నుంచి ఎడమకు చుట్టి ముడి వేస్తారు. నాది ఎడమచేతి వాటం, నా ముడి తిరగబడి పడుతుంది.

నిన్న మధ్యాహ్నం పడవెక్కి ఉస్కుదార్ వెళ్లాను. మాస్టారు వరండాలో క్విన్స్ పండ్లు చెక్కు తీస్తున్నారు. నన్ను చూసి "పడవలో చోటు దొరికిందా?" అన్నారు. చేతికి ముద్దు పెట్టబోతే "పులుపు అంటుతుంది" అని వెనక్కి తీసుకున్నారు. ఆ ఒక్క మాటకే నాకు ఒళ్లు మండిపోయింది. వంతెన దాకా అంతా చెప్పేశాను, కానీ క్షమాపణ అడగడానికి వెళ్లినవాణ్ణి అరిచాను.

"నన్ను కాపాడమని మిమ్మల్ని ఎవరడిగారు?"

"అరవకు నాయనా, పక్కింటామెకు తలనొప్పి. నీకు ఇరవై, నాకు డెబ్బై. ఇంటికి పంపడానికి ఎవరు వీలు?"

"ఇదారె దోపిడీదారుల మాట మాస్టారూ! ఆ మాట నేర్పే కదా జనాన్ని సర్దుకుపొమ్మంటున్నారు!"

"అలాగా. బస్సులో కండక్టరు వెనక్కి జరగమన్నప్పుడు ఏమంటాడు?"

నేను కింద పడ్డ తొక్క ఏరి పళ్లెంలో వేశాను.

"కాస్త ఇదారె చేయండి, సర్దుకోండి అనే అంటాడు. కూరగాయలామె చిల్లర లేకపోతే అదే అంటుంది. మీ అమ్మ అదే అంటుంది. పాదుషా మాట అనుకుని నువ్వు నీళ్లలో పడేసింది వీళ్ల మాట. సర్దుకోవద్దని జనానికి చెప్పు, నేనూ చప్పట్లు కొడతాను. పుస్తకంలో మాట లేకపోతే బస్సు ఖాళీ అవుతుందా?"

"మరి హుక్‌మెత్‌మెక్?"

"అది కూడా తీసేస్తే ముఅమ్మెర్ బే చేసిన దాన్ని ఏమని రాస్తావు, పిచ్చివాడా?"

నాకు నవ్వొచ్చింది, దాని వెంటే ఏడుపొచ్చింది. ఆయన చెక్కు తీస్తూనే ఉన్నారు. దగ్గు మాత్రం తగ్గలేదు, అక్కా, పెరిగింది. లోపలికెళ్లి రెండు చీటీలు తెచ్చారు. అవే మాటలు, అదే ఊదారంగు పెన్సిల్. "మలి ముద్రణకు జుహ్తూకి ఇవ్వు. ఇంకేం గోల చేయకు" అన్నారు. పేరు గురించి అడిగితే "పేరుతో నాకేం పని" అని తల తిప్పుకున్నారు. కానీ నేను మెట్లు దిగుతుంటే పిలిచి, "ముఖపత్రం శనివారమేనా ఎక్కేది?" అని అడిగారు. ఆ గొంతు విన్నాక నేను ఊరుకోలేను.

నిజం చెబితే నా ఉద్యోగం పోతుంది. నువ్వు చెప్పి పెట్టించిన ఉద్యోగం. నీ పరువు కూడా కొంత పోతుంది, తెలుసు. తిట్టు, రెండు పేజీలు తిట్టు, కానీ వద్దనకు. నేను తప్పు చేసినంత మాత్రాన ముఅమ్మెర్ బే చేసింది అన్యాయం కాకుండా పోదు. విచారించకుండా గెంటాడు, తన సంతకం తప్పు దాచుకున్నాడు, ముప్ఫై ఒక్క ఏళ్లను ఒక్క పేజీ మీద నుంచి గీకేస్తున్నాడు. ఆ మాట అనే హక్కు నాకు రావాలంటే ముందు నా మాట చెప్పాలి.

ఈ పొద్దున కరపత్రం నాలుగోసారి తిరగరాశాను. "గవర్న్ మాటకు రాసిన రెండు చీటీలను దొంగిలించినవాణ్ణి నేను, అల్పాయ్" అని మొదలవుతుంది. ముఅమ్మెర్ బే పేరు రెండో వాక్యంలో ఉంది. పెర్రాన్ గారి ఇంటికి తీసుకెళ్లాను. ఆవిడ చదివి టైపు యంత్రంలో కాగితం ఎక్కించింది. జుహ్తూ మేస్త్రీని కలిశాను, "నాతో అబద్ధమాడినందుకు నీ చెవి తర్వాత మెలిపెడతాను" అన్నాడు. "మాస్టారి పేరు లేని పేజీ మాత్రం నా చేత్తో పేర్చను" అని కూడా అన్నాడు.

నువ్వు మాస్టారి దగ్గర చదువుకున్నదానివి. ఆయన దగ్గర చదివిన మీ వాళ్లు ఎస్కిషెహిర్‌లో ఎందరున్నారో నీకే తెలుసు. అందరికీ చెప్పు, దాచకుండా చెప్పు, నేను చేసింది కూడా చెప్పు. శుక్రవారం రాత్రి రైలెక్కితే చాలు. ముఖపత్రం పదకొండింటికి యంత్రం మీదికి ఎక్కుతుంది. అంతకు ముందే మనం అక్కడుండాలి. మాస్టారికి నేను చెప్పలేదు, ఆయన రానక్కర్లేదు. ఆయన లేకుండానే ఆయన పేరు అడుగుదాం.

మార్చి పదమూడు, శనివారం. ఉదయం పదిన్నర. జాలోలూలో మా అచ్చు గది తలుపు ముందు. రండి.

ఇట్లు,
తప్పు చేసి ఒప్పుకుంటున్న నీ తమ్ముడు,
అల్పాయ్.