వెనక గది తడిగోడను మూసివేయవద్దని మనవి

గృహ నిర్వహణ శాఖ అధికారివారి సముఖమునకు,

అయ్యా,

విషయం: పాత ఇటుకల భవనము, కింది అంతస్తు, వెనక గది గోడకు ఇన్సులేషన్ పలకలు బిగించు పనిని, వాటర్‌ప్రూఫింగు బాగుచేయువరకు నిలుపుదల చేయుట గురించి.

సదరు వాటాలో కుటుంబ సమేతముగా కాపురముండు బస్సు డ్రైవరునగు నేను విన్నవించుకొనునది:

1. మా గదులు వెచ్చగా ఉండవలెనని తమ శాఖ పలకలు మంజూరు చేసినందుకు కృతజ్ఞులము. చలి మాకేమీ చుట్టం కాదు. అయితే సదరు గోడకు వెలుపలి సిమెంటు పూత పగిలి ఉన్నది. పునాది మీద తేమను ఆపే తారు పొర చివికిపోయినది. వాన కురిస్తే ఇటుకలు కడుపునిండా తాగి, ఆ తర్వాత తీరిగ్గా గదిలోకి ఆరుతుంటాయి. పలకలు బిగిస్తే ఆ ఆరే దారి మూసుకుపోతుంది. గదిలోని వెచ్చదనం గోడకు అందదు గనుక గోడ ఇంకా చల్లబడి, తడి అక్కడే తిష్ఠ వేస్తుంది. వానలో తడిసిన పిల్లకు ఒళ్ళు తుడవకుండా స్వెటరు తొడిగినట్టు ఉంటుంది వ్యవహారం.

2. ఇది నా ఊహ కాదు. మా పై వాటా దర్జీగారింట్లో కిందటి చలికాలమే పలకలు బిగించారు. మొదట్లో ఆయన మమ్మల్ని పిలిచి మరీ ఆ వెచ్చదనం చూపించి మురిసిపోయారు. వానలయ్యాక వాసన భరించలేక ఒక పలక ఊడదీస్తే వెనకంతా నల్లటి బూజు. "గోడలోకి దిగిన దూలం కొసని మా ఆవిడ చెంచాతో పొడిచి చూసిందండీ, చెంచా సగం లోపలికెళ్ళిపోయింది!" అని కనబడిన వాళ్ళందరికీ చెప్పుకుంటున్నారు.

3. ఈ సంగతి తమ కార్యాలయంలో మొరపెట్టుకోగా, పలకలది ఒక విభాగమనీ, వాటర్‌ప్రూఫింగుది వేరొక విభాగమనీ, పలకల వారి వరుస ముందు వచ్చినదనీ సెలవిచ్చారు. అయ్యా, గోడ మాత్రం ఒక్కటే.

4. సదరు గదిలో నా మనవరాలు పడుకుంటుంది. దానికి ఉబ్బసం. బూజు వాసన తగిలితే చాలు, ఊపిరందక లేచి కూర్చుంటుంది. మందు పీల్పించి, వీపు నిమరడం తప్ప నాకేమీ చేతకాదు. భయం వేస్తుందయ్యా. అర్జీలో భయం అని రాయవచ్చో లేదో తెలియదు, రాసేశాను.

కావున ముందు వెలుపలి పూత, పునాది పొర బాగుచేయించి, గోడ ఆరినదని పరీక్షించిన పిమ్మటనే పలకలు బిగించునట్లు ఉత్తర్వులు దయచేయింప ప్రార్థన. చిత్తగించవలెను.

తమ విధేయుడు,
కింది అంతస్తు బస్సు డ్రైవరు

తా.క.: ఇది ముగించేలోగా పనివాళ్ళు పలకలతో దిగిపోయారు. మా ఆవిడ మంచాన్ని గోడకు ఆనించి, పిల్లను పడుకోబెట్టి, "ఇప్పుడే కన్నంటుకుంది బాబూ, లేచాక కానివ్వండి" అంది. అది దొంగనిద్ర అని మాకు తెలుసు, మేస్త్రీకీ తెలుసు. ఆయన టీ గ్లాసు అందుకుని నా చెవిలో, "మీరు ఆఫీసుకి పరిగెత్తండి, నేను మెల్లగా తాగుతా" అన్నాడు. కానీ పిల్లకు నవ్వు ఆగడం లేదు. నవ్విందంటే దగ్గు వస్తుంది. దగ్గిందంటే మిగతా పనివాళ్ళకు దొరికిపోతుంది. ఈ అర్జీతో మీ ఆఫీసుకే పరిగెత్తుకొస్తున్నాను; ఉత్తర్వు సంగతి తర్వాత, ముందు మీరు మా ఇంటికి బయల్దేరండి సార్.