మూడో నంబరు గదిలో కీచుమనే తలుపు

గురువారం ఉదయం

దీవి అధికారి గారికి, మూడో నంబరు గదిలోంచి నమస్కారాలు.

పక్షులు గూళ్లు కట్టే రోజులు కాబట్టి దీవిలో ఎవరూ నోరు విప్పకూడదనీ, ఏం కావాలన్నా చీటీ రాయాలనీ మీరు పెట్టిన నియమం నాకు నచ్చింది. నేను గడియారాలు బాగుచేసేవాణ్ణి. ఇంట్లోనూ పెద్దగా మాట్లాడను. నిజానికి ఈ యాత్రకి మా బావ రావాలి, నడుం పట్టేసిందని నన్ను తోశాడు.

మనవి ఏమిటంటే, స్నానాలగది తలుపు తెల్లారగానే కీచుమంటోంది. శనివారం పడవెక్కేలోగా కాస్త నూనె ఇప్పించగలరు.

ఇట్లు,
మీ అతిథి.

తా.క.: తలుపు మూసి ఉన్నా కీచుమంటోంది.

గురువారం మధ్యాహ్నం

అతిథి గారికి, దీవి అధికారి నమస్కరించి రాసేది.

నూనె పంపాను. ఇక తలుపు సంగతి వదిలేసి ఆకాశం చూడండి. ఈ నెలాఖరులోగా ఒక్క సందర్శకుడైనా కిరీటపిట్టను చూశానని సంతకం పెట్టకపోతే, ఈ దీవికి రక్షణ ఎత్తేసి హోటలు కడతారు. మిగతావాళ్లంతా వెళ్లిపోయారు. మిగిలింది మీరొక్కరే. భోజనశాలలో బొమ్మ చూశారుగా? చాచిన రెక్కలు, చక్రవర్తి చూపు. గొంతు వేణువులా ఉంటుందట. పందొమ్మిదేళ్లుగా నేనూ వెతుకుతూనే ఉన్నాను.

మీమీదే ఆశ పెట్టుకున్న,
అధికారి.

తా.క.: కనపడకపోయినా సంతకం పెట్టడానికి మీకేమైనా అభ్యంతరమా? ఊరికే అడిగాను.

శుక్రవారం ఉదయం

అధికారి గారికి నమస్కారాలు.

చూడనిది చూశానని రాయలేను, మన్నించండి. నిన్న మధ్యాహ్నం నుంచీ కొండ కొమ్మున నిలబడి ఆకాశం చూశాను. మెడ పట్టేసింది.

నూనె మొత్తం తలుపే తాగింది. ఫలితం లేదు. పైగా గదిలోకి బొద్దుగా ఒక కోడి దూరింది. బట్టతల, దానిమీద రెండు కుచ్చులు. తెరిచిన నా పెట్టెలో చొక్కాలమీద కూర్చుంటోంది. పొమ్మని చెయ్యి ఊపితే మా అత్తగారిలా మొహం తిప్పుకుంటోంది. అది కూర్చున్నప్పుడల్లా తలుపు మరీ కీచుమంటోంది. దాని బరువుకి నేల కుంగుతోందేమో. వంటాయనదైతే తీసుకెళ్లమనండి.

ఇట్లు,
నిద్ర చాలని అతిథి.

తా.క.: మాట్లాడకూడదు కదా అని "హుష్" అని కాగితమ్మీద రాసి చూపించాను. చదవలేదు.

శుక్రవారం మధ్యాహ్నం

అతిథి గారికి,

వంటాయనకి కోళ్లు లేవు. మా బావమరిదిని పంపుతున్నాను. వడ్రంగి. సుత్తికి గుడ్డ చుట్టి కొడతాడు, చప్పుడు రాదు. మీరు మాత్రం దయచేసి కొండెక్కండి. నా దీవి మునిగిపోతుంటే మీరు కోళ్లతో కాలక్షేపం చేస్తున్నారు!

ఇట్లు,
అధికారి.

తా.క.: మా బావమరిది పొడుగు చీటీలు రాస్తాడు. ఒకదానికి జవాబిచ్చారో, మీ పని అయిపోయినట్టే.

శుక్రవారం సాయంత్రం

అధికారి గారికి నమస్కారాలు.

మీ బావమరిది గారు తలుపు ఊడదీసి పట్టుకుపోయారు. ఇప్పుడు తలుపు లేదు. కీచుమనడం ఉంది. తప్పు గోడదని ఆయన పదకొండు పేజీల్లో నిరూపించారు. రేపు గోడ సంగతి చూస్తారట.

కొండెక్కాను. ఏమీ కనపడలేదు. తిరిగొచ్చేసరికి నా చొక్కాలు రెండు పాడయ్యాయి. రుజువుగా, వాటికి అంటుకున్న ఈక ఒకటి జతచేస్తున్నాను.

ఇట్లు,
తలుపు లేని అతిథి.

తా.క.: కోడి నా ప్యాంట్లు కూడా లాగి గుండ్రంగా పేరుస్తోంది. ఇస్త్రీ చేసే ఉద్దేశంలా అనిపించడం లేదు.

శనివారం ఉదయం

మహానుభావా!

మీ ఈకని భోజనశాల అద్దాలపెట్టెలో దాచిన పాత ఈక పక్కన పెట్టి చూశాను. అదే! అదే కిరీటపిట్ట! అరవబోయి, నియమం గుర్తొచ్చి నోట్లో రుమాలు కుక్కుకున్నాను. ఆ బొమ్మ గీసినాయన కూడా పిట్టను చూడలేదన్నమాట. ఆ కీచు తలుపుదీ కాదు, గోడదీ కాదు, దాని గొంతే. వేణువు అని రాసినాయన వేణువూ విని ఉండడు.

ఫారం పంపాను. సంతకం పెట్టండి. ఇంకో మాట. అది గూడు కట్టిన గదికి నలభై రోజులు తాళం వేయాలి. లోపలున్న వస్తువు ఒక్కటీ బయటికి రాకూడదు. నియమం ముందు ఎవరైనా ఒకటే. నేను సంతోషం పట్టలేక సముద్రస్నానానికి వెళ్తున్నాను. తాళం పని మీరూ మా బావమరిదీ చూడండి.

మీకు జన్మంతా రుణపడిన,
అధికారి.

తా.క.: మీ ప్యాంట్లన్నీ లోపలే ఉండిపోతాయని విచారిస్తున్నాను. తువ్వాలు కట్టుకుని పడవెక్కడం నేరమేమీ కాదు.

శనివారం మధ్యాహ్నం, పడవలోంచి

అధికారి గారికి సెలవు నమస్కారాలు.

చూశాను కాబట్టి సంతకం పెట్టాను. ఫారం పడవ నడిపే సరంగు గారి చేతిలో ఉంది. మీ దీవికిక ఢోకా లేదు.

అయితే పొద్దున్నే మీ బావమరిది గారు గోడమీద మొదటి దెబ్బ వేయగానే పిట్టకి కోపమొచ్చింది. లేచి, తలుపు లేదు కనుక నడుచుకుంటూ బయటికొచ్చి, తెరిచి ఉన్న మీ ఇంట్లోకి వెళ్లి, బీరువా కింది అరలో కూర్చుని గుడ్డు పెట్టింది. మీ ఆజ్ఞ ప్రకారం మేమిద్దరం మీ ఇంటికి తాళం వేశాం. వస్తువు ఒక్కటీ బయటికి తేలేదు.

ఇట్లు,
పెట్టెతో సహా వెళ్తున్న అతిథి.

తా.క.: స్నానానికి వెళ్తూ మీరు ఒడ్డున విప్పిన బట్టలైనా మీకు మిగులుతాయనుకున్నాను. తాళం వేసేముందే వాటిని మీ బావమరిది ఇంట్లో పెట్టేశారట. నా తువ్వాలు రేవులో కొయ్యకి తగిలించి వెళ్తున్నాను. కొంచెం పొట్టిది.