బ్రేకు పడలేదని రాశాను

మార్చి 4, మంగళవారం

డోనట్ల కొట్టు గోడలోకి కారు పోనిచ్చాను. నాకేం కాలేదు. కారుకీ గోడకీ అయింది.

మార్చి 5

ఇంకాస్త వివరంగా రాయాలి. లేకపోతే రేపు నాకే నమ్మకం ఉండదు.

ఉదయం పదింటికి కొట్టు ముందు ఆపబోయి బ్రేకు తొక్కాను. కారు ఆగలేదు సరికదా ముందుకు దూకింది. ఇంకా గట్టిగా తొక్కాను. ఇంకా దూకింది. గోడవార చెక్క బెంచీ నుజ్జయిపోయింది. ఆ బెంచీ మీద ఎప్పుడూ ఎవరో ఒకరు కాఫీ పట్టుకుని కూర్చుంటారు. నిన్న మరీ చలిగా ఉందని అందరూ లోపలే ఉన్నారు. పోలీసాయన వచ్చాడు, బ్రేకు పడలేదన్నాను, రాసుకుని వెళ్ళాడు.

మార్చి 9

అమ్మాయి క్లాడెట్ పోర్ట్‌లాండ్ నుంచి వచ్చి రెండు రోజులు బుర్ర తినేసింది. అమ్మా, నీకు డెబ్బై ఆరేళ్ళు, బ్రేకనుకుని పక్కనున్న గ్యాసు పెడలు తొక్కి ఉంటావు, ఒప్పుకుంటే నీ నోటి ముత్యాలేం రాలిపోవు అంటుంది. ముప్పై ఒక్కేళ్ళు ఈ మంచు రోడ్ల మీద తపాలా బండి నడిపినదాన్నే, ఒక్క కోడికి కూడా తగల్లేదు అన్నాను. ఆ కోళ్ళు నిన్ను చూసి తప్పుకునేవమ్మా అంది.

చివరికి ఒప్పందం కుదిరింది. తప్పు బ్రేకుదైతే ఇంకో కారు కొనుక్కుంటాను, తను మాట్లాడదు. తప్పు నాదైతే లైసెన్సు వెనక్కిచ్చేస్తాను. ఈ ఊళ్ళో బస్సు లేదు, కారు లేకపోతే పాల సీసాకి కూడా ఎవరో ఒకరిని బతిమాలుకోవాలి. అయినా వెంటనే సరేనన్నాను. నాకంత ధీమా.

మార్చి 14

కారుని చర్చి వెనక గ్యారేజీకి దానం ఇచ్చేశాను. దెబ్బతిన్న కార్లు బాగుచేసి, కారు లేక పనికి పోలేనివాళ్ళకి ఊరికే ఇస్తారక్కడ. ఫారం మీద ‘ఎలా దెబ్బతింది’ అని ఒక గడి. బ్రేకు పడలేదు అని రాసి సంతకం పెట్టాను. ట్రక్కు దాని ముందు చక్రాలు ఎత్తి లాక్కుపోతుంటే, సిగ్గులేకుండా, దాని మొహం ఇంకోసారి చూడాలనిపించింది.

మార్చి 21

గ్యారేజీ డ్వైట్ హాస్కెల్ ఫోన్ చేశాడు. లొరెయిన్ గారూ, నాలుగు చక్రాలూ విప్పి చూశానండీ, నా కారు బ్రేకుల కంటే మీవే బాగున్నాయి అన్నాడు. మిగతా దెబ్బలు వారం పని అట. అయితే ఇంకేం అన్నాను. అదేనండీ ఇబ్బంది, బ్రేకు పడలేదని మీరు సంతకం పెట్టారు, మాకేమో లోపం దొరకలేదు, దొరకని లోపమున్న కారులో పిల్లల్ని ఎక్కించమంటారా, రూలు ప్రకారం తుక్కుకే పంపాలి అన్నాడు.

ఎవరికిద్దామనుకున్నారని అడిగాను. పేరు చెప్పకూడదట. ఇద్దరు పిల్లలున్న మనిషి, నర్సింగ్ హోములో పని, తెల్లారకముందే నాలుగు మైళ్ళు నడుచుకుని వెళ్తోందని మాత్రం చెప్పాడు.

అడక్కుండా ఉండాల్సింది.

మార్చి 22

నేను అబద్ధం రాయలేదు. బ్రేకే తొక్కాను. కానీ బ్రేకు మంచిదట. ఈ రెండూ ఒకేసారి నిజం కాలేవు. పొద్దుటినుంచీ ఇదే తిప్పి తిప్పి చూస్తున్నాను.

మార్చి 23, ఉదయం 5

పోయినేడాది డాక్టరు షుగరు వల్ల పాదాల్లో స్పర్శ తగ్గుతోందన్నాడు. క్లాడెట్‌కి చెప్పలేదు. ఇక్కడ కూడా రాయలేదని ఇప్పుడే చూశాను.

మార్చి 25

పక్కింటాయన గ్యారేజీ దగ్గర దింపాడు. నన్ను కారులో కూర్చోబెట్టమని డ్వైట్‌ని అడిగాను. ఇంజను ఆపే ఉంది. నేను కళ్ళు మూసుకుంటాను, నువ్వు చెప్పినప్పుడల్లా బ్రేకు తొక్కుతాను, తొక్కాక కాలు తీసి నేల మీద పెడతాను, పది సార్లు, మధ్యలో ఏమీ అనొద్దు అన్నాను. ఎందుకండీ ఈ పరీక్ష, ఫారం మీద ఇంకో మాట రాసిస్తే నాకు చాలు కదా అన్నాడు. తెలుసుకోవాలి అన్నాను.

పది సార్లు తొక్కాను. కళ్ళు తెరిచేసరికి డ్వైట్ శుభ్రంగా ఉన్న చేతులనే గుడ్డతో తుడుచుకుంటున్నాడు.

ఏడు బ్రేకు. మూడు గ్యాసు.

ఏ మూడో చెప్పమన్నాను. రెండోది, ఐదోది, ఆరోది. రెండోది గుర్తు తెచ్చుకున్నాను. అదీ బ్రేకే. పదీ బ్రేకులే, పది సార్లూ నా కాలికి ఒక్కలాగే ఉంది. ఎక్కడైనా కాస్త అనుమానం వచ్చి ఉంటే ఇంత భయం వేసేది కాదు. నుజ్జయిన బెంచీ కళ్ళ ముందు నిలిచింది.

డ్వైట్ మంచివాడు. ఇది నేనెవరికీ చెప్పనండీ, కాకపోతే మీరు రోడ్డెక్కే రోజున ఒక ఫోన్ కొట్టండి, మా వాళ్ళని ఇంట్లో కూర్చోబెట్టుకుంటాను అన్నాడు. నవ్వించాలని చూశాడు. కారు తలుపు పట్టుకుని దిగాను. ఫారం మాట అతనూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

మార్చి 26

ఆ కారు తుక్కుకి పోతే ఏ గొడవా ఉండదు. ఒప్పందం ప్రకారం క్లాడెట్ మాట్లాడదు. వేసవికల్లా నాకు ఇంకో కారు ఉంటుంది. ఇది నేను ఆలోచించానని రాసిపెడుతున్నాను.

మార్చి 28

గ్యారేజీకి వెళ్ళి ఫారం గడిలో ఉన్నది కొట్టేశాను. బ్రేకు మంచిదే, గ్యాసు తొక్కాను అని రాసి కింద సంతకం పెట్టాను. చెయ్యి మాత్రం చెప్పిన మాట విన్నది.

అక్కడినుంచే క్లాడెట్‌కి ఫోన్ చేసి అంతా చెప్పాను, పాదాల సంగతితో సహా. నేను ముందే చెప్పలేదా అంటుందని కాచుకుని కూర్చున్నాను. అనలేదు. ఏడ్చింది. నువ్వన్నదే నిజమైంది కదే, ఎందుకు ఏడుపు అన్నాను. బ్రేకుదే తప్పయితే బాగుండునని రోజూ అనుకున్నానమ్మా అంది.

ఏప్రిల్ 17

లైసెన్సు ఇచ్చేశాను కదా, మందుల షాపుకి నడిచి వెళ్ళాను. రెండు మైళ్ళ పైచిలుకు. కాళ్ళు చూసుకుంటూ.

సగం దూరంలో కాలిబాట ఉన్నట్టుండి అయిపోయింది. అక్కడినుంచి నడిచేవాళ్ళు బురదలోకి దిగాలి. ముప్పై ఒక్కేళ్ళు ఈ దారిలోనే బండిలో ఉత్తరాలు పంచాను, ఇది నాకు తెలియదు.