గీత మీద లేచిన సుద్దపొడి

మే 6, మంగళవారం

నాకు టికెట్ రాలేదు. మా ఊరికి ఇచ్చినవి నాలుగు వందలు, అడిగినవాళ్ళు మూడు వేల మంది. చీటీలు తీశారు. మావారి పేరు వచ్చింది, నాది రాలేదు. నా ముందు మొహం చిన్నబుచ్చుకున్నట్టు పెట్టారు గానీ, స్నానాల గదిలో ఈల వేయడం వినబడింది.

ఇరవై రెండేళ్ళుగా మా గ్రౌండులో పిచ్చుకల ఆట ఒక్కటి కూడా వదల్లేదు. పిచ్చుక మా ఫుట్‌బాల్ టీమ్ గుర్తు. తెల్ల చొక్కా మీద ఆకుపచ్చ చారలు. శనివారం ఎద్దుల టీమ్‌తో వాళ్ళ ఊళ్ళో ప్లేఆఫ్. గెలిస్తే పై డివిజన్. ఇన్నేళ్ళలో ఇంత దగ్గరికి రావడం ఇదే మొదలు.

నేను వెళ్తాను. ఎలాగో తెలియదు. వెళ్తాను.

మే 7, బుధవారం

చెల్లెలు ఫోన్ చేసింది. దాన్ని ఇచ్చింది ఆ ఎద్దుల ఊరికే. మరిదికి మోకాలి ఆపరేషన్ అయింది, శనివారం ఆయన సీటు ఖాళీ. మూడో వరస, మూల జెండాకి ఎదురుగా.

మరిది ఫోన్ తీసుకుని షరతు చెప్పారు. అది వాళ్ళవైపు. అక్కడ బయటి టీమ్ మనిషి కూర్చున్నట్టు తెలిస్తే సీజన్ కార్డు రద్దు చేస్తారట. ఆ కార్డు కోసం తొమ్మిదేళ్ళు వెయిటింగ్ లిస్టులో ఉన్నారు పాపం. రంగు కనబడకూడదు, నోరు వినబడకూడదు.

నవ్వొచ్చింది. నా నోరు మా ఇంట్లోనే వినబడదు. సరేనన్నాను. ఎవరైనా నిలదీసి అడిగితే మాత్రం అబద్ధం చెప్పనన్నాను. అడగకుండా చూసుకోండి వదినా అన్నారు.

మే 9, శుక్రవారం

నేను పనిచేసే టైలర్ షాపులో రెండు జిప్పులు, అయిదు ప్యాంట్ల పొడవు అయ్యాక నా బూడిదరంగు కోటు లైనింగ్ విప్పేశాను. దాని బదులు టీమ్ మఫ్లర్లు రెండు కలిపి కుట్టాను. బయటికి బూడిద, లోపల పిచ్చుక. పంతొమ్మిదేళ్ళుగా ఆల్టరేషన్ పని చేస్తున్నాను, ఇంత ఇష్టంగా ఏ లైనింగూ వేయలేదు.

మావారు చూసి, పట్టుబడితే నేనెవరో తెలియదంటాను అన్నారు. ఆయన కూర్చునేది గ్రౌండుకి ఆ చివర. తెలియదన్నా నాకు వినబడదు.

మే 10, ఉదయం 5

ప్రార్థన అయింది. రైలు ఆరుంపావుకి. ఎప్పట్లాగే ఎవరి కాలూ విరగకూడదని అడిగాను. గోల్స్ అడగను. అవతలి గోల్‌కీపరుకీ తల్లి ఉంటుంది. పైగా ఇవాళ అడగాల్సిన అవసరమూ లేదు, మా డిఫెన్స్ బాగుంది.

మే 10, సాయంత్రం, చెల్లెలి ఇంట్లో

ఓడిపోయాం. రెండు–ఒకటి.

ముందు అది రాసేస్తే మిగిలింది రాయడం తేలిక.

నా పక్క సీటులో ఒక ముసలావిడ. రైళ్ళలో టికెట్లు తనిఖీ చేసే ఉద్యోగం చేసి రిటైరయ్యారట. తలమీద ఎద్దుల ఎర్రటోపీ. మరిది మోకాలు ఎలా ఉందని అడిగారు. నేనెవరి తాలూకు అని అడిగారు. ఆయన భార్యకి అక్కనన్నాను. ఏ ఊరని అడగలేదు. పెప్పర్‌మెంట్ ఇచ్చారు.

ముప్ఫై ఒకటో నిమిషంలో మావాళ్ళు గోల్ కొట్టారు. ఆ చివర మావారి వైపు నాలుగు వందల మంది ఒక్కసారి లేచారు. నా చుట్టూ శవం లేచిన ఇల్లులా ఉంది. జేబుల్లోంచే లైనింగుని గుప్పిళ్ళతో పట్టుకుని పిండేశాను. మొహం మాత్రం కదల్లేదు. యాభై ఏళ్ళ అలవాటు ఊరికే పోతుందా. ఇక పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం వేయాల్సిందే అని ముసలావిడ గొణిగారు. నవ్వు ఆపుకోవడానికి పెప్పర్‌మెంట్ కొరికి మింగేశాను.

యాభై ఎనిమిదిలో వాళ్ళూ కొట్టారు. సమం. అందరూ లేచారు, నేను లేవలేదు. ముసలావిడ నా వైపు చూసి, మీక్కూడా మోకాళ్ళా అన్నారు. కొంచెం అన్నాను. అది నిజమే.

ఎనభై ఎనిమిది. వాళ్ళ ఏడో నంబరు బంతి వెనక మా మూలకి పరుగెత్తాడు. బంతి గోల్‌లైన్ వైపు దొర్లుతోంది. బయటికి పోతే మావాళ్ళకి గోల్ కిక్, తర్వాత ఎక్స్‌ట్రా టైమ్. నాకు అయిదు గజాల దూరం. అప్పుడు అడిగాను. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి. స్వామీ, దాన్ని బయటికి పోనీ అన్నాను.

పోలేదు. గీత మీద ఉండగానే అతను కాలు వేశాడు. సుద్దపొడి పొగలా లేచింది. రోజంతా సుద్దగీత పట్టుకుని కుట్టేదాన్ని నేను. ఏది గీత మీద, ఏది గీత అవతల అన్నది నా కళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు. బంతి మొత్తం దాటితేనే బయట. దాటలేదు. క్రాస్, హెడర్, గోల్.

ముసలావిడ నన్ను వాటేసుకున్నారు. నాకు ఏడుపు ఆగలేదు. "ఏడవకండమ్మా, గెలిచాంగా" అన్నారు.

మే 11, ఆదివారం

మా స్టేషన్ బయట గోడ మీద అప్పుడే రంగుతో రాసేశారు. బంతి బయటే, అని.

మావారు రాత్రే ఫాన్స్ బస్సులో వచ్చేశారు. గొంతు పూర్తిగా పోయింది. ఆ గొంతుతోనే గంటసేపు చెప్పారు. బంతి జానెడు బయటికి పోయిందట. రిఫరీ కళ్ళు మూసుకున్నాడట. టీవీ కెమెరాకి జెండా అడ్డమొచ్చిందట. తను మాత్రం కళ్ళారా చూశారట. ఎక్కడినుంచి చూశారని అడిగాను. కూర్చున్న చోటునుంచే అన్నారు. మధ్యలో గ్రౌండు గ్రౌండంతా ఉంది. ఇంట్లో ఆయన కళ్ళద్దాలు వెతికిపెట్టేది నేను.

బయటికి పోలేదండీ, నేను పక్కనే ఉన్నాను అన్నాను.

"ఒక్కపూట ఎద్దుల మధ్య కూర్చుంటే కొమ్ములొచ్చాయా?" అన్నారు. అన్నం తినకుండా లేచారు.

మే 12, సోమవారం

బాకా షాపుకి వచ్చాడు. పేరు పెట్టి ఎవరూ పిలవరు. చేసేది ప్లంబింగ్, ఆట రోజున మా అందరికీ అరుపు అందించేది అతనే. క్లబ్ హాల్లో మైకు పాడై ఏళ్ళయింది. ముందు వరసలో ఎవరు మాట్లాడినా బాకా స్టూలెక్కి ఆ మాటే వెనక్కి అందిస్తాడు.

పన్నెండు మీటర్ల బ్యానర్ కావాలట. తెల్లగుడ్డ మీద ఆకుపచ్చ అక్షరాలు. బంతి బయటే, మేం పైకే. వచ్చే సోమవారం అది పట్టుకుని ఊరంతా లీగ్ ఆఫీసుకి వెళ్తుంది. షాపావిడ మజూరీ వద్దంది. అక్షరాలు పిన్నే కత్తిరించాలి, పిన్ని చేతి అక్షరం అచ్చులా ఉంటుంది అన్నాడు బాకా. పిన్ని అంటే నేను. గుడ్డ నా టేబుల్ మీదే పెట్టి వెళ్ళాడు.

మే 13, మంగళవారం

అక్షరాలు కత్తిరించలేదు. కత్తెరకి సాన పట్టించాలని చెప్పాను. మొన్ననే పట్టించాను.

మే 14, బుధవారం

నిన్న ఆడిన అబద్ధం ఇంకా గుచ్చుతూనే ఉంది. ఉదయం ప్రార్థనలో కూర్చుంటే ఒక్కటే తోచింది. బంతి బయటికి పోవాలని నేను అడిగాను. దేవుడు ఇవ్వలేదు. ఇప్పుడు పోయిందని నా చేత్తో కుడితే, ఆయన ఇవ్వనిది ఇచ్చాడని చెప్పినట్టు.

చెప్పేయాలి. కానీ చెబితే ఎక్కడ కూర్చున్నానో కూడా చెప్పాలి. అది మరిదికి ఇచ్చిన మాట. ఫోన్ చేసి అంతా చెప్పాను. వెనక నుంచి చెల్లెలు ఏమైందేమైందని అడుగుతూనే ఉంది.

"సీటు నాది గానీ కళ్ళు మీవి కదా వదినా. చెప్పండి. నంబరు మాత్రం చెప్పకండి" అన్నారు.

మే 15, గురువారం

షాపావిడకి చెప్పాను, ఆ అక్షరాలు కుట్టనని. కత్తెర సంగతి కూడా ఒప్పుకున్నాను. కస్టమర్ చొక్కా మీద ఏముందో మనకెందుకు, కుట్టడం మన పని అంది. ఇది చొక్కా కాదు, నేను చూసిన సంగతి అన్నాను. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ఊరికి నువ్వే చెప్పుకో, నా నోటితో చెప్పించకు అంది. ఆదివారం క్లబ్ హాల్లో మీటింగ్ ఉంది.

భయంగా లేదు. ఇది రాసుకోవాలి. భయంగా లేదు.

మే 18, ఆదివారం

హాలు నిండిపోయింది. కోటు వేసుకునే వెళ్ళాను. మావారు రెండో వరసలో, నేను మొదటి వరసలో. చెయ్యెత్తాను. పిన్ని మాట్లాడుతుంది, అందరూ నోళ్ళు మూయండి అని బాకా స్టూలెక్కాడు.

ఆ రోజు నేను ఎద్దుల వైపు కూర్చున్నాను అన్నాను. "పిన్ని ఎద్దుల వైపు కూర్చుందట!" అని అందించాడు. హాలంతా నవ్వు.

మూల జెండాకి అయిదు గజాల దూరంలో అన్నాను. "అయిదు గజాల దూరంలో!" అన్నాడు. చప్పట్లు. సాక్షి దొరికిందనుకున్నారు.

బంతి బయటికి పోలేదు అన్నాను.

"బంతి బయటికి—" అని ఆగిపోయాడు.

వెనక వరసల వాళ్ళు ఏమంది ఏమంది అంటున్నారు. బాకా స్టూలు దిగి నా దగ్గరికి వచ్చాడు. "నిజమా పిన్నీ?" అన్నాడు. అతని మామూలు గొంతు ఎలా ఉంటుందో ఇన్నేళ్ళకి విన్నాను. గీత మీద పొడి లేవడం చూశాను బాబూ అన్నాను. నేనూ బయటికి పోవాలనే దేవుణ్ణి అడుక్కున్నాను, అందుకే చూపు తిప్పలేదు అన్నాను.

వెళ్ళి మళ్ళీ స్టూలెక్కాడు. కాసేపు కింద అరిగిన గచ్చు చూశాడు.

"పోలేదట" అన్నాడు. అరవలేదు. చివరి వరసదాకా వినబడింది.

ఎద్దులకి అమ్ముడుపోయిందని ఎవరో అన్నారు. కోటు గుండీలు విప్పి రెండు పక్కలా తెరిచి పట్టుకున్నాను. నేను కుట్టిన చారలు అందరూ చూశారు. తర్వాత కూర్చున్నాను. సీటు ఎవరిదని ఎవరూ అడగలేదు. అడిగినా చెప్పేదాన్ని కాదు. చెప్పకపోవడం వేరు, అబద్ధం వేరు.

ఇంటికి వచ్చేటప్పుడు మావారు నాకంటే పది అడుగులు ముందు నడిచారు. రోడ్డు దాటే చోట మాత్రం నేను వచ్చేదాకా ఆగారు. వెనక్కి తిరిగి చూడలేదు.

మే 20, మంగళవారం

నిన్న లీగ్ ఆఫీసుకి ఎవరూ వెళ్ళలేదు. షాపులో ఇద్దరు తమ ప్యాంట్లు కుట్టకుండానే తిరిగి తీసుకెళ్ళారు. ఒకావిడ వీధిలో నన్ను చూసి అవతలి పక్కకి వెళ్ళింది. పరవాలేదు. ఆగస్టులో సీజన్ మొదలైతే అదే ఆవిడ నా పక్కన కూర్చోవాలి. సీట్లు అలాగే ఉన్నాయి.

మధ్యాహ్నం బాకా వచ్చాడు. పన్నెండు మీటర్ల గుడ్డ ఊరికే పాడవుతుంది కదా అన్నాడు. పిచ్చుక బొమ్మ కుట్టమన్నాడు, రెక్కలు ఈ కొసనుంచి ఆ కొసదాకా. మాటలు వద్దట. వచ్చే ఏడు పైకి వెళ్తామా పిన్నీ అని అడిగాడు. వెళ్తాం అన్నాను. ఆ మాట అతను ఎవరికీ అందించలేదు, తనే దాచుకున్నాడు.

ఎడమరెక్క మొదలుపెట్టాను.

మే 27, మంగళవారం

మావారు కళ్ళద్దాలు మార్పించుకున్నారు. పాతవాటితో ఆ రోజు శుభ్రంగా కనబడిందట. అయినా మార్పించుకున్నారు.