కనుమ గేటు

నాయనా తాలాయ్‌బెక్,

నీకు లెక్కలు నేర్పిన టీచరమ్మను. కనుమ ఎక్కలేక రొప్పే మా పాత పికప్పుకు, మా అబ్బాయి పెద్ద ఇంజిన్ బిగించి, నాలుగు చక్రాలూ లాగేలా మార్చాడు. ఆరోజు ఆ సంబరానికి గొర్రెను కోసి, మన ఆచారం ప్రకారం పెద్ద అతిథివని తలకాయ నీకే వడ్డించాం. ఇప్పుడేమో కనుమ గేటు దగ్గర తనిఖీ అధికారిగా నిలబడి, "టీచరమ్మా, ఈ ఇంజిన్ నంబరు బండి కాగితంలో లేదు. పట్నం వెళ్ళి ఎక్కించుకొస్తేనే గేటు తీస్తా" అంటున్నావు. గేటు తీయకుండా పట్నం ఎలా వెళ్ళాలి నాయనా, ఎగిరా?

కోడలికి తొమ్మిదో నెల. బిడ్డ అడ్డం తిరిగిందని, పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళాలని నర్సు చెప్పింది. ఊళ్ళో వేరే బండి లేదు, మంచు మొదలైంది. శుక్రవారం పొద్దున్నే వస్తాం. గేటు మూసే ఉంచేట్టయితే వేడినీళ్ళు, శుభ్రమైన గుడ్డలు సిద్ధం చేసుకో. మంత్రసానివి నువ్వే.

నీ టీచరమ్మ