క్లర్కుకు సొంత అభిప్రాయం ఉండకూడదు

ఫిబ్రవరి 2, ఆదివారం

గిడియన్ ఫోన్ చేశాడు. మా ట్రస్టీల్లో భవనాల సంగతి చూసేది అతనే. ఖైదీలను చూడ్డానికి దూరం నుంచి వచ్చేవాళ్ల కోసం, మౌనంగా ప్రార్థన చేసుకునే మా క్వేకర్ క్రైస్తవులు జైలు పక్కన నడిపే బస ఇల్లు మూసేయాలని అతని సబ్‌కమిటీ సిఫారసట. పైకప్పు కారుతోంది, బాయిలర్ కొనఊపిరితో ఉంది, ఇంక లాగలేం హిల్డా, మార్చి మీటింగులో తేల్చేద్దాం అన్నాడు. అజెండాలో పెడతానన్నాను. ట్రస్టీల క్లర్కుని, సభ నడిపి తీర్మానం రాసేదాన్ని. అంతకు మించి అనకూడదు.

ఫిబ్రవరి 11, మంగళవారం

కంటితో చూడకుండా తీర్మానం రాయడం బాగుండదని నిన్న అక్కడికి వెళ్లాను. రైలు, ఆపైన రెండు బస్సులు. ఇల్లు చూసుకునే డోరిన్ బఠాణీ సూప్ పెట్టింది. ఏమీ అడగలేదు. ఆ అడగకపోవడమే నా ప్రాణం తీసింది.

ఇవాళ పొద్దున వంటగదిలో ఒకావిడ కూతురి గౌను ఇస్త్రీ చేస్తోంది. లివర్‌పూల్ నుంచి వచ్చిందట. జైల్లో వాళ్ల నాన్న చూస్తాడు కదండీ అంది. ఈ ఇల్లు లేకపోతే ఎలా అని అడిగాను. ఎలా ఏముంది, రావడం మానేస్తాం అంది, ఇది కూడా తెలీదా అన్నట్టు చూస్తూ.

ఫిబ్రవరి 12

మూయకూడదు.

ఫిబ్రవరి 16, ఆదివారం

కీత్ క్వేకర్ కాడు, నా మొగుడు మాత్రమే. చేతులెత్తించి లెక్కపెట్టుకుని టీ టైముకి ఇంటికి రావచ్చుగా, ఎందుకే మీకా మౌనవ్రతాలు అని వెక్కిరించాడు. నీకు అర్థం కాదులే అన్నాను.

మాలో ఓట్లు లేవు. అందరి మాటా విని, సభ మనసు ఎటుందో పట్టుకుని, క్లర్కు అక్కడికక్కడే తీర్మానం రాసి చదవాలి. కాస్త నావైపు వంచి రాసినా ఎవరికీ తెలియకపోవచ్చు. నాకు తెలుస్తుంది. అదే భయం. మూయొద్దని ఒక్కరంటే చాలు, ఆ కొస పట్టుకుంటాను.

మార్చి 8, శనివారం, ఉదయం 6

సరిగ్గా నిద్ర పట్టలేదు. ఒక్కరంటే చాలు.

మార్చి 8, సాయంత్రం, రైల్లో

ఎవరూ అనలేదు!

గిడియన్ చెప్పాడు, బాగానే చెప్పాడు. తర్వాత మౌనం. వినిఫ్రెడ్ మీద ఆశ పెట్టుకున్నాను. ఎనభై దాటిన మనిషి, జీవితమంతా ఖైదీలను చూడ్డానికి వెళ్లిన మనిషి. ఆమె కూడా కళ్లు మూసుకుని కూర్చుంది. ఇక రాయాలి. మూసివేయడానికి సభ, అని రాసి కలం కింద పెట్టేశాను.

పక్కన అసిస్టెంట్ క్లర్కు బెర్నిస్. కాసేపు క్లర్కు బల్ల నువ్వు చూసుకో, నేను అటు వెళ్లి కూర్చుంటాను అన్నాను. మా పద్ధతిలో అది తప్పు కాదు, కానీ ఎవరూ చేయరు. బెర్నిస్ కళ్లు ఇంతింత చేసుకుంది. నేను వెళ్లి వినిఫ్రెడ్ పక్కన నిలబడ్డాను. ఇస్త్రీ గురించి చెప్పాను. రావడం మానేస్తాం అన్న మాట చెప్పాను. మూయడం నాకు సమ్మతం కాదని చెప్పి కూలబడ్డాను.

మళ్లీ మౌనం. చచ్చాననుకున్నాను.

అప్పుడు వినిఫ్రెడ్ లేచింది. మొహం అలా బిగించుకు కూర్చుంటే నువ్వే మూసేద్దామనుకుంటున్నావేమో అనుకున్నానే పిల్లా, అందరూ ఒప్పుకున్నాక ముసలిదాన్ని నేనెందుకు అడ్డం పడాలని నోరు కుట్టేసుకున్నా అంది. వెనక నుంచి ఒకరు, నాదీ అదే కథ అన్నారు. ఇంకొకరు. మరొకరు. చివరికి గిడియన్! చెవులు ఎర్రబడ్డాయి పాపం. మూసేద్దామా అని కమిటీలో అడిగితే ఎవరూ మాట్లాడలేదు, ఒప్పుకున్నారనుకుని రాసేశాను, నాక్కూడా ఇష్టం లేదు అన్నాడు.

మొదట బెర్నిస్ నవ్వింది. తర్వాత అందరం. మర్యాదకు పోయి ఒక ఇంటినే పోగొట్టుకోబోయాం. కప్పు కారడం మాత్రం నవ్వితే ఆగదు అని గిడియన్ గుర్తుచేశాడు, అదీ నిజమే. బెర్నిస్ రాసి చదివింది: ఇల్లు మూయడం లేదు, కప్పు పని గిడియన్, వినిఫ్రెడ్ చేయించాలి, ఎలా సాగుతోందో ప్రతి మీటింగులో చెప్పాలి. అలాగే కానివ్వండి అని అందరూ అన్నారు. బల్లకు ఇటువైపు కూర్చుని నేనూ అన్నాను.

రైల్లో చీజ్ సాండ్‌విచ్ తింటూ ఏడ్చాను. ఎంత హాయిగా ఉందో.

మార్చి 9, ఆదివారం

డోరిన్‌కి ఫోన్ చేసి చెప్పాను. అటునుంచి చప్పుడు లేదు. సంతోషమే అయుంటుందనుకుని పెట్టేయబోయాను. పెట్టేయకుండా, ఏమనుకుంటున్నావు డోరిన్ అని అడిగాను.

కప్పు కారే చోట పెట్టిన బకెట్ నిండిపోయింది, పారబోసొస్తా, ఫోన్ పెట్టేయకు అంది.

పెట్టలేదు.